కొమ్ము లేని సర్క్యులర్

ఆ వీధిలో కొత్తగా బోర్డు పెట్టుకునే దుకాణందారు ఎవరైనా సరే, రంగులు వేసే వాడి దగ్గరికి వెళ్లేముందు దిద్దుబాటమ్మ గడప తొక్కాల్సిందే. తొక్కకపోతే ఏమవుతుందో ఇస్త్రీ దుకాణం వాణ్ని అడిగితే చెబుతాడు. ఒకసారి వాడు ధైర్యం చేసి, ఎవరికీ చూపించకుండా ‘ఇస్రీ’ అని రాయించుకున్నాడు. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. రోజుకి రెండుసార్లు దుకాణం ముందు ఆగి, బోర్డు వంక చూసి, వాడి వంక చూసి, నిట్టూర్చి వెళ్లిపోయేది. పదకొండో రోజున వాడే నిచ్చెన తెచ్చుకుని త వత్తు పెట్టుకున్నాడు.

ఆవిడ ప్రాంతీయ ఆసుపత్రుల మండలి ప్రధాన కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్లు టైపిస్టుగా చేసి రిటైరైంది. రిటైరై పదహారేళ్లు కావస్తున్నా వేళ్లు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. టీవీలో వార్తలు వస్తుంటే కుర్చీ చేతి మీద టకటకా కొట్టేస్తుంటుంది. వీడ్కోలు సభలో ఇచ్చిన జ్ఞాపిక మీద ‘ఒక్క తప్పు లేని టైపిస్టు’ అని రాయించారు. పాపం, ఆ రాసినవాడు ‘జ్ఞాపిక’ అన్న మాటలోనే తప్పులో కాలేశాడు. ఆవిడ ఇంటికొచ్చి అద్దం ఊడదీసి, ఎర్రసిరాతో దిద్ది, మళ్లీ బిగించి గోడకి తగిలించింది.

ఇలాంటి ఇంటికి కోడలిగా రావడమంటే మాటలా? పెళ్లికి ముందు ఆ పిల్ల కాబోయే అత్తగారికి ఎంతో భక్తిగా ఒక ఉత్తరం రాసింది. నాలుగో రోజున ఆ ఉత్తరమే తిరుగుటపాలో వచ్చింది, నిండా ఎర్రగీతలతో. అడుగున ‘మనసు మంచిది. వత్తులు నేర్చుకోవాలి’ అని ఉంది. ఆ వత్తులు నేర్చుకోవడంలోనే పన్నెండేళ్లు గడిచాయి. ఆమె కూడా ఆ మండలి కార్యాలయంలోనే రికార్డుల గుమాస్తా. అత్తగారంటే ప్రేమ లేదని కాదు; ప్రేమ ఉంది, దానికి రెండింతలు భయం ఉంది.

మండలికి యాభై ఏళ్లు నిండబోతున్నాయనగా పెద్ద డాక్టరుగారు కోడలిని పిలిపించారు. మండలి మొత్తానికి ఆయనే ఇప్పటి అధ్యక్షుడు. మనిషి మంచివాడు, కాకపోతే ఏ మాటకైనా కాస్త సభామర్యాద తొడిగి గానీ బయటికి వదలడు.

“మన సంస్థ చరిత్ర రాయాలమ్మా. రికార్డులన్నీ నీ చేతి కిందే ఉన్నాయి కాబట్టి ఆ బాధ్యత నీదే. మొదటి అధ్యాయం తొలి అధ్యక్షుడి దూరదృష్టి. మొదటి పేజీలో మొదటి సర్క్యులర్ ఫొటో నిండుగా రావాలి. ప్రూఫులు ఎవరు దిద్దుతారు?”

కోడలు నోరు తెరిచేలోపే ఆయనే జవాబు చెప్పేశారు. “మీ అత్తగారు ఉండగా ఇంకొకరెందుకు? నిన్ననే ఫోను చేసి తనే దిద్దుతానన్నారు.”

అత్తగారు తనంతట తాను ఆఫీసుకి ఫోను చేసిందంటే కోడలికి ఆశ్చర్యమే అనిపించింది. కానీ పుస్తకమన్నాక ఆవిడ చేతులు దురదపెడతాయిలే అనుకుని ఊరుకుంది.

మర్నాటి నుంచి రికార్డుల గదిలో కూర్చుంది. పేరుకి గదే గానీ అది ఒక పొడవాటి నడవ. రెండు పక్కలా ఇనుప అరలు, అరల నిండా తాడు కట్టిన కట్టలు, కట్టల నిండా దుమ్ము. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక్కో కట్టా విప్పుతుంటే తుమ్ములూ నవ్వులూ కలిసి వచ్చేవి. ఎందుకంటే ఆ మహా సంస్థ పుట్టకముందు అక్కడ ఉన్నవి మూడు చిన్న ఆసుపత్రులు, వాటి మధ్య ఉన్నది పచ్చిగడ్డి వేస్తే భగ్గుమనే సఖ్యత.

ఒకటి ఏటి ఒడ్డున, ఒకటి మిల్లు పక్కన, ఒకటి కొండ కింద. మూడింటి మధ్యా పది మైళ్లు కూడా ఉండవు. అయినా ఎవరి కమిటీ వారిది, ఎవరి తాళం వారిది. రోగులకి ఏటి ఆసుపత్రి ఇచ్చే చీటీ పసుపు, మిల్లు వాళ్లది నీలం, కొండ వాళ్లది తెలుపు. ఒక రంగు చీటీ పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళితే లోపల బల్ల మీద కూర్చోనిచ్చేవాళ్లు కూడా కాదు. ఒకరి స్ట్రెచరు ఇంకొకరి వరండాలో కనబడితే దొంగతనం కింద ఫిర్యాదు వెళ్లేది. ఏటి ఆసుపత్రి కార్యదర్శి రాసిన ఒక ఉత్తరంలో అయితే, సంతకానికి పైన, ‘కొండ ఆసుపత్రివారికి ఈ మధ్య కొమ్ములు వచ్చినవి, గమనించగలరు’ అని ఉంది. కోడలు అది చదివి ఒక్కతే పడీ పడీ నవ్వింది.

ఈ గొడవలు పడలేక ప్రభుత్వం మూడింటి మీదా ఒక మండలి వేసింది. దానికి అధికారం పెద్దగా ఏమీ లేదు. ఒక అధ్యక్షుడు, ఒక గది, ఒక టైపు మిషను. అందరూ అది ఆరు నెలల్లో మూతపడుతుందనుకున్నారు. అలాంటిది ఈనాడు ఏడు ఆసుపత్రులై నిలబడిందంటే, అదంతా ఒకటో నంబరు సర్క్యులర్ చలవే అని ఊరంతా చెప్పుకుంటుంది. ఏ ఆసుపత్రి చీటీ ఉన్నా ఏ ఆసుపత్రిలోనైనా మందు ఇవ్వాలని దాంతోనే మొదలైంది. మందు కలిశాక డాక్టర్లు కలిశారు, ఆ తర్వాత అంబులెన్సులు కలిశాయి. ఆ అంబులెన్సుల్లో ఒకటి ఇప్పుడు ఈ కోడలి మొగుడే నడుపుతున్నాడు.

ఎనిమిదో రోజున ఆ ఒకటో నంబరు కట్ట చేతికి చిక్కింది. లోపల ఉల్లిపొర కాగితం మీద కార్బన్ కాపీ. ఊదారంగు అక్షరాలు కాస్త అలికినట్టున్నా చక్కగా చదవవచ్చు.

‘ఏ ఆసుపత్రి చీటీ తెచ్చినా మందు గది తలుపు తెరవవలెను.’

ఇంత పెద్ద సంస్థకి పునాది ఈ ఒక్క వాక్యమా అని కోడలి ఒళ్లు పులకరించింది. కాగితం తిప్పింది. వెనకాల గుండుసూదితో గుచ్చిన ఇంకో కాగితం ఉంది, తొలి అధ్యక్షుడు తన చేత్తో నీలం పెన్సిలుతో రాసిన చిత్తు. అక్షరాలు లావుగా, గుండ్రంగా, పిల్లలు కూడా చదివేట్టు ఉన్నాయి.

‘ఏ ఆసుపత్రి చీటీ తెచ్చినా ముందు గది తలుపు తెరవవలెను.’

ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు చదివింది. ముందు గది. అంటే రోగులు కూర్చునే గది. ఆ పై పేజీలో ఎవరిదో ఫిర్యాదు కూడా ఉంది: వేరే రంగు చీటీ ఉన్నవాళ్లని బయట నిలబెట్టడంతో ముసలివాళ్లు వానలో తడిసిపోతున్నారని. పాపం పెద్దమనిషి, వానకి తడవకుండా లోపల కూర్చోనివ్వండి అన్నాడు, అంతే. మందులు కలపాలన్న ఊహ కూడా ఆయనకి లేదు. టైపులో ఒక కొమ్ము ఎగిరిపోయి, ముందు గది కాస్తా మందు గది అయి కూర్చుంది!

అనుమానం తీరక రెండో నంబరు సర్క్యులర్ వెతికింది. సరిగ్గా పదహారు రోజుల తర్వాతది. ‘ముందు గది తలుపు కూడా తెరవవలెను.’ ఆ ‘కూడా’ చూశాక ఇక సందేహం మిగల్లేదు. కోడలికి నవ్వు పొంగుకొచ్చింది. ఏడు ఆసుపత్రులు, నాలుగువేల పడకలు, ఇదంతా ఒక కొమ్ము పోయినందుకా!

అప్పుడు కాగితం అడుగున ఎడమ మూల చూసింది. ఏ ఆఫీసులోనైనా టైపు చేసినవాళ్లు తమ పొడి అక్షరాలు అక్కడే కొడతారు. నవ్వు గొంతులోనే ఆగిపోయింది. అవి అత్తగారి పొడి అక్షరాలు.

ఆ సాయంత్రం చిత్తు కాగితం పదిలంగా ఒక అట్టలో పెట్టి సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది కోడలు. అది రికార్డుల గదిలో ఉంటే ఫొటోలు తీసేవాడి కంట పడుతుందని భయం. ఇంట్లో ఉంటే అత్తగారి కంట పడుతుందని ఇంకా భయం. మంచం కింద పెట్టింది, బీరువాలో పెట్టింది, చివరికి బియ్యం డబ్బా వెనకాల పెట్టింది. 

దాచకపోతే ఏమవుతుంది? మొదటి పేజీలోనే అచ్చవుతుంది. ఒక్క తప్పు లేని టైపిస్టు కొట్టిన తప్పు, నిండు పేజీ ఫొటోగా, ఊరంతా చూసేలా. అత్తగారికి నగల మీద మోజు లేదు, చీరల మీద లేదు. డెబ్భై నాలుగేళ్ల బతుకులో ఆవిడ తనదని చెప్పుకునేది ఆ ఒక్క మాటే. దాన్ని కోడలే తన చేత్తో పుస్తకంలో పెట్టి చెరిపెయ్యాలా? పోనీ దాచిపెట్టి రాస్తే, చరిత్ర అబద్ధంతో మొదలవుతుంది. ఎటు చూసినా గొయ్యే కనబడింది ఆమెకి.

“ఏమిటమ్మాయ్, మూడు రోజుల నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?” అంది అత్తగారు. “మొదటి అధ్యాయం ఎప్పుడిస్తావు? రెండోది ఇచ్చావు, మూడోది ఇచ్చావు. ఎక్కడైనా పుస్తకం రెండో అధ్యాయంతో మొదలవుతుందా?”

“ఇంకా కాస్త మెరుగు పెట్టాలత్తయ్యా.”

“నువ్వు గీకు, మెరుగు నేను పెడతాను. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాస్తున్నాయి ఇక్కడ.”

మామగారు పడక్కుర్చీలోంచి పేపరు కిందికి దించి కోడలి ముఖం చూశారు. ఆయన మిల్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. సగం చెవుడు, ఏ సగం వినబడదో ఆయన అవసరాన్ని బట్టి మారుతుంటుంది. ఏదో అనబోయి, భార్య వంక ఒకసారి చూసి, మళ్లీ పేపరు పైకెత్తేశారు.

నాలుగో రోజుకి కోడలు ఒక నిర్ణయానికొచ్చింది. అబద్ధమైతే అయింది, ఇల్లు చల్లగా ఉంటే చాలనుకుంది. ‘తొలి అధ్యక్షులు ఎంతో దూరదృష్టితో మందు గదుల తలుపులు అందరికీ తెరిపించారు’ అని రాసేసి, ఆ వాక్యం చుట్టూ ఆయన గురించి నాలుగు పేజీల పొగడ్త అల్లి, ఆదివారం పొద్దున్న టీతో పాటు అత్తగారి చేతిలో పెట్టింది. పెట్టి, వంటింట్లోకి పారిపోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ చెవులు రిక్కించింది.

ఎర్రపెన్ను చప్పుడు వినబడలేదు. మామూలుగా అయితే ఈపాటికి ‘ఇదేం వత్తు’ అనో, ‘ఈ దీర్ఘం ఎవరికోసం’ అనో నాలుగు కేకలు వచ్చి ఉండాలి. పావుగంట గడిచింది.

“అమ్మాయ్, ఇలా రా.”

కోడలు చేతులు తుడుచుకుంటూ వెళ్లింది. టీ తాగలేదు, అలాగే చల్లారిపోయింది. నాలుగు పేజీల మీదా ఒక్క ఎర్రచుక్క లేదు. ఒక్క చోట మాత్రం, ‘దూరదృష్టితో’ అన్న మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన ‘తప్పు’ అని రాసి ఉంది.

“అక్షరం తప్పు లేదత్తయ్యా, ‘ద’కి కొమ్ముదీర్ఘం పెట్టాను...”

“అక్షరం సంగతి కాదు. విషయం తప్పు. నీకూ తెలుసు. ఆ చిత్తు కాగితం ఎక్కడ దాచావు?”

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. “ఏ చిత్తు...”

“నీలం పెన్సిలుది. బియ్యం డబ్బా వెనకాల మొన్న తుడుస్తుంటే ఏదో అట్ట కనబడింది. నీది కదా, తెరవలేదు. ఇది చదివాక అర్థమైంది అందులో ఏముందో. పట్రా.”

తెచ్చి ఇచ్చింది. అత్తగారు కాగితం మడత విప్పి చాలాసేపు చూసింది. ఆవిడ పెదవులు వణికాయి. ఇప్పుడేడుస్తుంది కాబోలు అని కోడలు దగ్గరికి జరిగింది. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది.

“ఆయనది ఎంత చక్కటి చేతిరాతో చూడు. గుడ్డివాడు కూడా ముందు అనే చదువుతాడు. నేను కొట్టాను మందు అని! ఉద్యోగంలో చేరిన పన్నెండో రోజు. నాలుగు కాగితాలు, మూడు కార్బన్లు పెట్టి ఒకే దెబ్బకి కొట్టాను. సరిచూసుకోలేదు. ఆయన చదవలేదు, సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నం టపాలో మూడు ఆసుపత్రులకీ వెళ్లిపోయింది.”

“పొరపాటు ఎవరికైనా జరుగుతుందత్తయ్యా” అంది కోడలు, గొంతులో ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

“ఆగు, పొరపాటు అక్కడితో అయిపోయింది. తర్వాతది పొరపాటు కాదు.” అత్తగారు పడక్కుర్చీ వైపు చెయ్యి చూపించింది. “ఆ మర్నాడే ఈ మహానుభావుడు సైకిలేసుకుని ఆఫీసుకి వచ్చాడు. చొక్కా అంతా చెమట. ఎవరీ కాగితం కొట్టింది అన్నాడు. అప్పటికి నాకీయన ఎవరో తెలీదు.”

మామగారు పేపరు పూర్తిగా మడిచేశారు. ఇప్పుడు రెండు చెవులూ చక్కగా పనిచేస్తున్నట్టున్నాయి. “భయంతో వచ్చానమ్మా. ఆ పొద్దున్నే కొండ కింద రాళ్లు కొట్టే ఆయన తన భార్యని బండి మీద వేసుకుని మా దగ్గరికొచ్చాడు. ఆవిడకి ఊపిరాడ్డం లేదు. చేతిలో తెల్లచీటీ. మందేమో కొండ ఆసుపత్రిలో అయిపోయింది, మా దగ్గర అరనిండా ఉంది. అంతకుముందు రోజైతే పంపించేసేవాణ్నే. పంపించేశాను కూడా, చాలామందిని. ఆ పూట బల్ల మీద ఈ సర్క్యులర్ ఉంది. తలుపు తీసి మందిచ్చాను. అరగంటకి ఆవిడ లేచి కూర్చుని నీళ్లడిగింది. ఆ తర్వాత పట్టుకుంది నాకు భయం, ఉద్యోగం ఊడుతుందేమోనని. నిజంగా మందు గదేనా అని కనుక్కుందామని వెళ్లాను.”

“నేను ఆఫీసు కాపీ తీసి చూశాను” అంది అత్తగారు. “చూడగానే తప్పు తెలిసిపోయింది. చేతిలో టైపు రబ్బరు ఉంది. పక్కనే ఫోను ఉంది. అయ్యా, తప్పు పడింది, ముందు గది అని చదువుకోండి అని మూడు ఫోన్లు చేస్తే సరిపోయేది. ఈయనేమో ఎదురుగా నిలబడి, ఆవిడ లేచి కూర్చుంది, నీళ్లు అడిగింది అని అదే మాట చెబుతున్నాడు. దిద్దితే మర్నాటి నుంచి ఆ తలుపు మళ్లీ వేసేస్తారు కదా అనిపించింది.”

“అప్పుడేమన్నారు?”

“ఏమంది?” మామగారు అందుకున్నారు. “కళ్లెర్రజేసి, మందు గది అనే ఉంది కదండీ, మీకు చదవడం రాదా అంది! మాట గట్టిగానే ఉంది, చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. నాకప్పుడే తెలిసిపోయింది. ఈ పిల్లనే చేసుకోవాలని కూడా అప్పుడే అనుకున్నాను.”

“యాభై ఏళ్లూ తెలిసి ఒక్కసారి కూడా అనలేదా మావయ్యా?”

“అంటే ఈ ఇంట్లో ఉండనిచ్చేదా?” అన్నారాయన. అత్తగారు ఆయన్ని కసురుకోబోయి, కసురుకోలేక ముఖం తిప్పుకుంది.

మిగతాది ఆవిడే చెప్పింది. పదహారో రోజున అధ్యక్షుడు మిల్లు ఆసుపత్రికి వెళ్లాడట. ముందు గది బయట వానలో జనం నిలబడే ఉన్నారు. మందు గది కిటికీ దగ్గర మాత్రం పసుపు, నీలం, తెలుపు చీటీలు ఒకే వరసలో ఉన్నాయి. ఆఫీసుకి వచ్చి ఈవిడని పిలిచాడు. ఉద్యోగానికి నీళ్లు వదులుకునే లోపలికి వెళ్లింది. ఆయన తలుపు వేసి, ‘నువ్వు చూడకుండా కొట్టావు, నేను చదవకుండా సంతకం పెట్టాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఇద్దరం నవ్వులపాలవుతాం, రోగులు మళ్లీ రోడ్డున పడతారు. రెండో సర్క్యులర్ రాసుకో’ అన్నాడట. చిత్తు చింపెయ్యమని ఈవిడ చెబితే వినలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో చూడాలమ్మా అని గుండుసూదితో తనే గుచ్చాడు.

“ఆయన పోయాక ఆ కట్ట ఎక్కడుందో తెలీక ఇన్నేళ్లూ నా ప్రాణం గిలగిల్లాడింది. పుస్తకం వేస్తున్నారని వినగానే ఫోను చేశాను. ఎందుకనుకున్నావు? భాష మీద ప్రేమనా? ఆ కాగితం ప్రూఫులతో పాటు నా చేతికొస్తే చింపి పొయ్యిలో పెడదామని.”

కోడలు ఆవిడ పక్కనే కూర్చుంది. ఇంత పెద్దావిడ, తనలాగే, అదే కాగితం గురించి నిద్రలు మానుకుందన్నమాట.

“మరిప్పుడు చించెయ్యండత్తయ్యా. నేనెవరికీ చెప్పను. నిజంగా.”

“చింపేసేదాన్నే. నువ్వు రాసిన ఈ ముక్క చదివేదాకా.” అత్తగారు ఎర్రగీత మీద వేలు పెట్టింది. “దూరదృష్టితో ఆయన తెరిపించారు అని రాశావు. ఆ తలుపు తెరిపించింది నేనే. పొరపాటున సగం, తెలిసి సగం. యాభై ఏళ్లుగా లోలోపల మురిసిపోయేది దానికే. నా తప్పు దాచుకుంటే ఆ మంచి పని కూడా నాది కాకుండా పోతుంది. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి మరి, ఏం చెయ్యను?”

సోమవారం పొద్దున్న అత్తా కోడళ్లిద్దరూ పెద్ద డాక్టరుగారి గదిలో ఉన్నారు. ఆయన రెండు కాగితాలూ మార్చి మార్చి చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

“అమ్మా, మీరంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు. కానీ చరిత్ర అన్నాక ఒక హుందాతనం ఉండాలి. ఇంత పెద్ద సంస్థ ఒక టైపు తప్పుతో మొదలైందని మనమే అచ్చు వేసుకుంటే, చదివినవాళ్లు ఏమనుకుంటారు? పైగా అంతటి అధ్యక్షుడు చదవకుండా సంతకం పెట్టారని రాయడం...”

“డాక్టరుగారూ, మొన్న శనివారం మీరు సంతకం పెట్టిన కాగితాలన్నీ చదివారా?” అని అడిగింది అత్తగారు, ఎంతో మర్యాదగా.

ఆయన బల్ల మీద ఫైళ్ల దొంతర వైపు చూశారు. దగ్గారు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకుంది. ఆయనకి కూడా కాసేపటికి నవ్వొచ్చింది. ఒకసారి వచ్చాక మరి ఆగలేదు, హుందాతనమంతా పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వారు.

“సరేనమ్మా. ఉన్నది ఉన్నట్టే వేద్దాం. రెండు కాగితాలూ పక్కపక్కనే వేద్దాం. ఒక్క పని మాత్రం చేయిస్తాను. ఈ మూలన ఉన్న పొడి అక్షరాలు ఫొటోలో చెరిపేయిస్తాను. టైపు ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. జరిగింది చరిత్రలో ఉంటుంది, మీ పేరు మీద మచ్చా పడదు. సరేనా?”

ఇంత మంచి దారి ఉందని కోడలికి తట్టనే లేదు. మనసులోనే ఆయనకి దండం పెట్టుకుంది. ఒప్పుకోండి అత్తయ్యా, ఒప్పుకోండి అని లోపల్లోపల వేడుకుంది. అత్తగారు ఒళ్లో చేతులు పెట్టుకుని చాలాసేపు ఆ మూల వంకే చూసింది. ఆవిడ వేళ్లు మోకాలి మీద ఏదో కొడుతున్నాయి.

“చెరపొద్దు” అంది చివరికి. “పొడి అక్షరాలంటే ఎవరికి తెలుస్తాయండీ? ఫొటో కింద నా పూర్తి పేరు వేయించండి. తప్పు కొట్టింది ఈవిడ అని వేయించండి. తెలిసీ దిద్దనిది కూడా ఈవిడే అని వేయించండి. రెండు వాక్యాలూ ఉండాలి. ఒకటుండి ఒకటి లేకపోతే నేనొప్పుకోను.”

పెద్ద డాక్టరుగారు కాగితం లాక్కుని ఆ రెండు వాక్యాలూ తనే స్వయంగా రాసి, పైనించి కిందిదాకా ఒకటికి రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టి కోడలి చేతికిచ్చారు.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది. పన్నెండేళ్లలో ఆవిడ ఎవరి ఆసరా అయినా అడగడం అదే మొదలు. ఒక్కో మెట్టూ చూసుకుని చూసుకుని దిగుతోంది. ఈ మనిషికా తను ఇన్నాళ్లూ భయపడింది అనుకుంది కోడలు. ఆమెకి అత్తగారి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. రెండో చెయ్యి కూడా ఆ చేతి మీద వేసింది.

“భయంగా ఉందే” అంది అత్తగారు, మెల్లిగా. “ఇస్త్రీ దుకాణం వాడు నవ్వుతాడు. వీధి వీధంతా నవ్వుతుంది.”

“నవ్వనివ్వండత్తయ్యా. మనమూ నవ్వుదాం.”

“నీకేం, ఎన్నైనా చెబుతావు.” ఆవిడ ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. కోడలి చేతిలోని కాగితం వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది. “ప్రెస్సు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది?”

“సాయంత్రం దాకా ఉంటుంది. మిమ్మల్ని ఇంట్లో దింపి, తీరిగ్గా వెళ్లి ఇచ్చొస్తాను.”

“వద్దు వద్దు, ఇంటికి నేనే పోతాను, నాకు దారి తెలీదా? నువ్విట్నుంచిటే పో. నేను మనసు మార్చుకునేలోపు ఇచ్చెయ్. వెనకనించి పిలిచినా ఆగకు.”

కోడలు వీధిలో పడింది. మలుపు తిరిగేలోపు వెనకనించి “అమ్మాయ్!” అన్న పిలుపు నిజంగానే వినబడింది. ఆమె ఆగలేదు. కాగితం గుండెకి గట్టిగా అదుముకుని, నవ్వుతూ, అడుగు ఇంకాస్త జోరు చేసింది.